ఇరవైకి పద్నాలుగు

ఈ మధ్య మా పాత ఆఫీసులో ఒక నల్లగొండ అమ్మాయి ఉద్యోగంలో చేరింది. చేరిన వారానికే ఫోన్ చేసి, "ఆంటీ, ఈడ అందరు మీ పేరే చెప్తున్రు. అసలు ఈ పని ఎట్ల చెయ్యాల్నో జర రాసిస్తరా?" అని అడిగింది. రాసిస్తానన్నాను. తెలుగులోనే రాస్తున్నాను. జర్మన్‌లో రాస్తే నా పాత సహోద్యోగులు కూడా చదువుతారు, అప్పుడు ఇంత ధైర్యంగా రాయలేను.

నేను ఇరవై తొమ్మిదేళ్ళు చేసిన పని పేరు జర్మన్‌లో బారెడు పొడవుంటుంది. మన భాషలో చెప్పాలంటే, వేరే దేశంలో చదివిన చదువు ఇక్కడ ఎంతకు సమానమో తేల్చే గుమస్తాని. ఇల్లు జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో. ఆఫీసు రైల్లో గంట దూరంలో ఉన్న ఒక చిన్న విశ్వవిద్యాలయంలో. దాని పేరు చెప్పను. అక్కడివాళ్ళు మంచివాళ్ళే కానీ తప్పులు బయటపెడితే నొచ్చుకుంటారు, నేనిక్కడ రాయబోయేది తప్పు గురించే. ఆ తప్పు నాదే అనుకోండి.

మంత్రులు సంతకాలు చేసి వెళ్ళాక

నేను చేరిన రోజుల్లో జర్మనీలో డిగ్రీ అంటే ఐదారేళ్ళు చదివే డిప్లోమ్. రైన్ నది దాటి ఫ్రాన్స్‌కు వెళ్తే అక్కడి లెక్క వేరు. ఇటు తూర్పుకు పోతే చెక్ వాళ్ళది ఇంకో లెక్క. పక్క పక్క ఇళ్ళలో ఉంటూ ఒకరి డిగ్రీని ఒకరు అనుమానంగా చూసుకునేవాళ్ళు. తర్వాత యూరప్ మంత్రులు బొలోన్యా అనే ఊళ్ళో కూర్చుని, అందరం ఒకే పద్ధతిలోకి వద్దామని సంతకాలు చేశారు. ముందు బ్యాచిలర్, తర్వాత మాస్టర్, చదివిన గంటలను బట్టి క్రెడిట్లు. కాగితం మీద ఎంతో సులువు. మంత్రులు సంతకాలు చేసి ఇళ్ళకు వెళ్ళారు, ఫైళ్ళు మా బల్లల మీదకు వచ్చాయి.

ఒక క్రెడిట్ అంటే మా దగ్గర ముప్పై గంటల చదువు. పొరుగున ఆస్ట్రియాలో ఇరవై ఐదు. "అంటే వాళ్ళ పిల్లలు తెలివైనవాళ్ళా, మన పిల్లలు మొద్దులా?" అని నేనొక మీటింగులో అడిగాను. ఒక్కరూ నవ్వలేదు. కానీ మీటింగు నివేదికలో మాత్రం ఎక్కింది: "గంటల మధ్య ఉన్న వ్యత్యాసాన్ని ఫ్రావ్ రావ్ ప్రస్తావించారు." ఫ్రావ్ రావ్ అంటే శ్రీమతి రావ్, అది నేనే. జర్మన్లు హాస్యాన్ని కూడా ఫైల్లో భద్రంగా పెడతారు.

ఇంకో ప్రొఫెసరు గారు ఉండేవారు. లోహాల గురించి పాఠం చెప్పేవారు. ఫ్రాన్స్‌లో అదే పాఠం చదివి వచ్చిన పిల్లల క్రెడిట్లు ఆయన ఒప్పుకోరు. "వాళ్ళ పుస్తకంలో తుప్పు మీద అధ్యాయం లేదు" అనేవారు. మూడు ఉత్తరాలు రాశాను, కదల్లేదు. ఒకరోజు క్యాంటీన్‌లో ఆయన విద్యార్థుల పక్కన కూర్చుని, తుప్పు గురించి మీ సారు ఏం చెప్పారని అడిగాను. వాళ్ళు మొహాలు చూసుకున్నారు. టర్మ్ అయిపోతోందని రెండేళ్ళుగా ఆయన ఆ అధ్యాయం దాటేస్తున్నారట. నాలుగో ఉత్తరం రాయలేదు. ఆయన గదికి వెళ్ళి, క్యాంటీన్‌లో విన్నది మెల్లగా చెప్పి నిలబడ్డాను. పెన్ను తీసి సంతకం పెట్టేశారు.

కొత్తగా చేరినవాళ్ళు చదివే మొదటి కాగితం సిలబస్. చదవండి, తప్పు లేదు. తర్వాత క్యాంటీన్‌కు వెళ్ళండి.

హెర్ బ్రెన్నర్ ముద్ర

మా పై అధికారి హెర్ బ్రెన్నర్, అంటే బ్రెన్నర్ గారు. ఎముకల మనిషి, నవ్వు పెదవి చివర మాత్రమే కనిపించేది. మేమిద్దరం ఇరవై ఏళ్ళ పైన ఒకే కారిడార్‌లో పనిచేశాం, చివరి రోజు దాకా ఒకరినొకరు "మీరు" అనే పిలుచుకున్నాం. ఆయన దగ్గర మూడు రబ్బరు ముద్రలు ఉండేవి. ముద్ర పడని కాగితం ఆయన గది దాటి బయటికి వచ్చింది లేదు. ఆఫీసులో ఎవరి పుట్టినరోజు కార్డయినా సరే, సంతకం పెట్టి, కింద తేదీ ముద్ర వేసేవారు.

ఇక్కడ పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళే అందరికీ కేకు తేవాలి. నాకది తెలియదు. మొదటి ఏడాది నా పుట్టినరోజున మంచి చీర కట్టుకుని, ఎవరైనా ఏదైనా తెస్తారేమోనని ఎదురుచూశాను. వాళ్ళేమో నా కేకు కోసం ప్లేట్లు పెట్టుకుని ఎదురుచూశారు. సాయంత్రం నాలుగింటికి హెర్ బ్రెన్నర్ తలుపు దగ్గర నిలబడి, "ఫ్రావ్ రావ్, కేకు ఫలానా సమయానికి అని ముందే చెబితే బాగుండేది" అన్నారు. మర్నాడు పులిహోర చేసుకుని వెళ్ళాను. అప్పటి నుంచి నా పుట్టినరోజును ఎవరూ మర్చిపోలేదు.

ఆయన మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. ముద్రలు తప్ప మనుషులు కనబడరనుకునేదాన్ని. అది ఎంత తొందరపాటో తర్వాత చెబుతాను.

నా రెండు పాయింట్ ఎనిమిది

ముందు జర్మన్ మార్కుల సంగతి చెప్పాలి. ఇక్కడ ఒకటి వస్తే అందరికంటే మేలు, నాలుగు వస్తే గట్టెక్కినట్టు, ఐదు వస్తే తప్పినట్టు. మనవాళ్ళు కొత్తగా వచ్చినప్పుడు ఇంటికి ఫోన్ చేసి "ఒకటి వచ్చింది" అంటే అమ్మలు బెంబేలు పడతారు.

వేరే దేశపు మార్కులను ఈ లెక్కలోకి తేవడానికి ఒక సూత్రం ఉంది. అక్కడ ఇవ్వగలిగే అత్యధిక మార్కు ఎంత, పాస్ మార్కు ఎంత, ఈ మనిషికి వచ్చింది ఎంత అన్న మూడు అంకెలు వేస్తే నాలుగోది బయటికి వస్తుంది. నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివి ఇక్కడికి వచ్చినప్పుడు నన్ను కూడా ఆ సూత్రంలోనే వేశారు. అత్యధికం వంద, పాస్ నలభై, నాకు అరవై నాలుగు. వచ్చింది రెండు పాయింట్ ఎనిమిది.

ఆ రోజుల్లో మా కాలేజీలో వంద ఎవరికీ రాదు. ఎనభై కూడా రాదు. మా క్లాసులో మొదటివాడికి అరవై ఏడు వచ్చింది, రెండోదాన్ని నేను. కానీ ఆ సంగతి అడిగినవాళ్ళు లేరు, చెప్పాలని నాకూ తట్టలేదు. నేను డాక్టరేట్ చేయాలనుకున్న ప్రొఫెసరు గారు రెండున్నర దాటినవాళ్ళను తీసుకోరు. ఆ తలుపు మూసుకుంది. చాలా ఏడ్చాను. తర్వాత పెళ్ళయింది, ఒక విశ్వవిద్యాలయంలో తాత్కాలికంగా ఫైళ్ళు సర్దే పనికి చేరాను, ఆ తాత్కాలికం ఇరవై తొమ్మిదేళ్ళు నడిచింది. పని బాగా నచ్చింది కూడా. బాధంటారా, నిజం చెప్పాలంటే ఎక్కడో ఒక మూల ఉండేది.

రావ్ పట్టిక

కొన్నేళ్ళ క్రితం మా విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్ సరిహద్దు అవతల ఒక విశ్వవిద్యాలయం కలిసి ఉమ్మడి మాస్టర్ డిగ్రీ మొదలుపెట్టాయి. ఒక ఏడాది ఇక్కడ, ఒక ఏడాది అక్కడ, చివరికి రెండు దేశాలకూ చెల్లే ఒకే పట్టా. అక్కడి మార్కులు ఇరవైకి, పాస్ పది. వాటిని మన మార్కుల్లోకి మార్చే పట్టిక తయారుచేసే పని నాకు అప్పగించారు. నేను ఆ సూత్రాన్నే పెట్టి, ఇరవై వస్తే ఇంత, పంతొమ్మిది వస్తే ఇంత అని ఒక పేజీలో అందంగా దించాను. అందరికీ ఒకటే సూత్రం, ఇంతకంటే న్యాయం ఏముంటుంది అనుకున్నాను. హెర్ బ్రెన్నర్ ముద్ర వేశారు. దానికి "రావ్ పట్టిక" అని పేరు పడింది. నేను వద్దనలేదు. మా ఆయనకు ఫోటో తీసి పంపాను కూడా.

మూడు బ్యాచులు ఆ పట్టికతోనే బయటికి వెళ్ళాయి. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. అందరికీ సమానంగా తగ్గింది కాబట్టి తగ్గినట్టు ఎవరికీ తెలియలేదు.

నాలుగో బ్యాచ్‌లో హారిక అని కరీంనగర్ పిల్ల ఉండేది. ఒకరోజు ఉదయం నా గది తలుపు కొట్టింది. చేతిలో పట్టా, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మేడమ్, అపాయింట్‌మెంట్ దొరకలే. అందుకే సీదా వచ్చిన. ఏమనుకోకుండ్రి."

"కూసో. ఏమైంది?"

"డార్మ్‌స్టాట్‌ల ఒక పరిశోధన సంస్థల పీహెచ్‌డీ సీటు వచ్చింది మేడమ్. ప్రొఫెసరు ఓకే అన్నడు. కానీ మొత్తం గ్రేడు రెండు లోపల ఉండాలంట. నాది రెండు పాయింట్ ఒకటి. నెలాఖరు దాకనే ఆగుతడంట. వీసా గూడ దాని మీదనే ఉంది."

ఇక్కడి ఏడాదిలో ఆమెకు ఒకటి పాయింట్ నాలుగు. మంచి మార్కు. ఫ్రాన్స్ ఏడాదే కిందికి లాగింది. నేను గంభీరంగా పెన్ను తీసుకున్నాను. ఇలాంటివాళ్ళను చాలామందిని చూశాను, లెక్క చూపిస్తే ఒప్పుకుంటారు.

"చూడు బిడ్డా, పట్టిక తప్పు కాదు. నేనే చేసిన. అక్కడ అత్యధికం ఇరవై, పాస్ పది, నీకు పద్నాలుగు. ఇగో, ఇట్ల వేస్తే..."

కాగితం మీద రెండు పాయింట్ ఎనిమిది పడింది.

ఆ అంకె నాది. నా పాస్‌పోర్టు నంబరు మర్చిపోతానేమో కానీ ఆ అంకెను మర్చిపోను. ఆ క్షణంలో నా నోటి నుంచి వచ్చిన ప్రశ్న, నన్ను ఎవరైనా అడిగి ఉంటే బాగుండుననుకున్న ప్రశ్నే.

"మీ క్లాసుల ఫస్ట్ వచ్చినోళ్ళకు ఎంత వచ్చింది?"

"పద్నాలుగున్నర మేడమ్. నేను సెకండ్. అక్కడి పిల్లలతోని కలిపి నలభై మంది ఉంటిమి."

నది అవతల

అవతలి ఆఫీసులో నా పనే చేసే ఆమె పేరు ఓడిల్. ఈమెయిళ్ళలో పొడిపొడిగా ఉండేది. మార్కుల జాబితా కావాలని రాస్తే, విద్యార్థుల వివరాలు పంపకూడదని ఒక్క వాక్యంలో జవాబిచ్చింది. పేర్లు తీసేసి వట్టి అంకెలు పంపమంటే, అలాంటి ఫారం లేదంది. మా పరీక్షల కమిటీ గురువారం కూర్చుంటుంది, అది దాటితే మళ్ళీ వచ్చే నెలే. సోమవారం పొద్దున రైలెక్కాను. డబ్బా నిండా సకినాలు పెట్టుకున్నాను. ఈమెయిల్‌లో జరగని పని ఒక్కోసారి బల్ల మీద తినేది ఏదైనా పెడితే జరుగుతుందని నా అనుభవం. ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు.

ఓడిల్ నిజానికి గలగలా మాట్లాడే మనిషి. ఆమెకు ఈమెయిళ్ళే పడవు. మొదటి సకినం విరిచి నోట్లో వేసుకుని, "సుగుణా, ఇది మీ ఇంట్లో చేశావా?" అంది. ఒక్కసారికే పేరు పెట్టి పిలిచేసింది.

"ఇరవైకి ఇరవై ఎవరికి ఇస్తారు మీరు?" అని అడిగాను.

ఆమె నవ్వింది. "ఎవరికీ ఇవ్వరు. ఇరవై రెండేళ్ళుగా ఈ గదిలో ఉన్నాను, ఒక్కసారి కూడా చూడలేదు."

"మరి పంతొమ్మిది?"

"పదహారు ఇస్తేనే మిగతా ప్రొఫెసర్లు కూర్చోబెట్టి, ఏం చూసి ఇచ్చావని నిలదీస్తారు. పద్నాలుగు వస్తే ఇంట్లో పండుగ చేసుకుంటారు."

"మరి నా పట్టిక మీకు పంపినప్పుడు చెప్పలేదేం?"

"జర్మన్లు ఇంత అందంగా గీతలు గీసి పంపారంటే ఆలోచించే ఉంటారనుకున్నాను" అంది. చెళ్ళుమని తగిలింది.

తన కంప్యూటర్ తెరను నావైపు తిప్పింది. పేర్లు కనబడకుండా ఆ వరుస మీద సకినాల డబ్బా మూత అడ్డం పెట్టింది. మిగిలిన అంకెలను నేను కాగితం మీద రాసుకున్నాను, కింద ఆమె సంతకం పెట్టింది. నాలుగేళ్ళ జాబితాలూ అంతే. ప్రతి ఏడాదీ మొదటివాళ్ళు పద్నాలుగుకూ పదిహేనుకూ మధ్యే ఉన్నారు.

తిరుగు రైల్లో నాకు సిగ్గేసింది. నన్ను దెబ్బకొట్టిన సూత్రాన్నే నేను తీసుకుని, గీతలు గీసి, నా పేరు పెట్టుకుని ఇంకొకరిని కొట్టాను. ఆ సూత్రం కింద నలిగినదాన్ని కదా, అందరికంటే ముందు నాకే అనుమానం రావాలి. రాలేదు. అందరినీ ఒకేలా కొలిస్తే చాలు న్యాయమనుకున్నాను. ఇప్పుడు మన పిల్లలు పదికి తొమ్మిదిన్నర పాయింట్లతో వస్తారు, అదే సూత్రం వాళ్ళకు వెన్న రాసి పెడుతుంది. అది కూడా సరైన కొలత కాదు. మనవాళ్ళే కదా అని అక్కడ కళ్ళు మూసుకుంటే ఈ ఉద్యోగానికి మనం పనికిరాం.

ముప్పై ఒక్క ఉత్తరాలు

మంగళవారం పొద్దున్నే హెర్ బ్రెన్నర్ గదిలోకి వెళ్ళి నిలబడే మొత్తం చెప్పాను. హారిక సంగతి, ఓడిల్ జాబితాలు, ఎందుకో నా అరవై నాలుగు సంగతి కూడా. పట్టిక మార్చాలన్నాను. తరగతిలో ఎన్నో స్థానమో చూసి, ఇక్కడ అదే స్థానంలో ఉన్నవాళ్ళకు ఏ మార్కు వస్తుందో అది ఇవ్వాలి.

ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. "ఒకరికి మారిస్తే అందరికీ మార్చాలి. ఇంతకు ముందు వెళ్ళినవాళ్ళు ఎందరు?"

"ముప్పై ఒక్కరు."

తప్పు ఒప్పుకోకుండా ఒక్క హారికకు ఎలాగోలా సర్దేద్దామంటారేమోనని భయపడ్డాను. పట్టిక చేసింది నువ్వే, కమిటీకి నువ్వే సమాధానం చెప్పుకోమంటారేమోనని కూడా. ఆయన ముద్రల పెట్టె దగ్గరికి లాక్కున్నారు.

"అయితే ముప్పై ఒక్క ఉత్తరాలు. రాసేది మీరు. సంతకం నాది. ఆ పట్టిక మీద ముద్ర వేసింది నేను కదా."

కొత్తగా చేరినవాళ్ళు పై అధికారి ఎలాంటివాడని తొందరపడి తేల్చకండి. తప్పు బయటపడిన రోజు దాకా ఆగండి.

నేను తలుపు దాకా వెళ్ళాక ఆయన వెనక నుంచి అడిగారు. "మీ తరగతిలో మొదటి వ్యక్తికి ఎంత?"

"అరవై ఏడు."

తల ఊపి, బల్ల మీది క్యాలెండర్ అంచున పెన్సిల్‌తో ఏదో గీసుకున్నారు. నేను తర్వాత ఆ సంగతే మర్చిపోయాను.

గురువారం కమిటీలో మా తుప్పు ప్రొఫెసరు గారే ముందుగా చెయ్యెత్తారు. హారిక పద్నాలుగు ఒకటి పాయింట్ మూడయింది, రెండో దశాంశం ఇక్కడ వదిలేస్తారు కాబట్టి మొత్తం కూడా ఒకటి పాయింట్ మూడే. శుక్రవారం కొత్త పట్టా తీసుకోవడానికి వచ్చి, కారిడార్‌లో అందరి ముందూ నన్ను వాటేసుకుని, "ఆంటీ!" అని ఏడ్చింది. ఆఫీసులో మేడమ్ అనాలని చెప్పబోయి ఊరుకున్నాను. హెర్ బ్రెన్నర్ తలుపు సందులోంచి చూసి, మాకు ఇబ్బంది కలగకుండా మెల్లగా మూసుకున్నారు.

ఉత్తరాలకు జవాబులు నెలల తరబడి వచ్చాయి. ఒకబ్బాయి, పరిశోధనకు పోలేక గాలిమరల కంపెనీలో చేరానని, అక్కడే తన భార్య దొరికిందని, కాబట్టి పాత పట్టాను కూడా పారేయబోనని రాశాడు. ఒకామె మాత్రం ఒకే మాట రాసింది: "ఇప్పుడా?" క్షమించమని మళ్ళీ రాశాను, ఆమె రాయలేదు. ఆ ఉత్తరాన్ని నా సొరుగులోనే పెట్టుకున్నాను. పని సులువుగా అనిపించిన రోజుల్లో తీసి చూసుకునేదాన్ని.

చివరి పులిహోర

హెర్ బ్రెన్నర్ నాకంటే ఒక ఏడాది ముందు రిటైరయ్యారు. నా చివరి రోజున, ఇక్కడి ఆచారం ప్రకారం, వెళ్ళిపోయే నేనే అందరికీ తిండి తీసుకెళ్ళాను. రెండు కేకులు, ఒక పెద్ద గిన్నెడు పులిహోర. పులిహోర ముందు అయిపోయింది. ఓడిల్ నది దాటి వచ్చింది, వస్తూనే సకినాలేవని అడిగింది. హారిక డాక్టరేట్ అయిపోయి, ఇప్పుడు తనే విద్యార్థుల పేపర్లు దిద్దుతోంది. "ఒకటి ఇయ్యాలంటే చెయ్యి వస్తలేదు ఆంటీ" అంది. ఇయ్యవే తల్లీ అన్నాను.

అందరూ మాట్లాడుకుంటుండగా హెర్ బ్రెన్నర్ నా దగ్గరికి వచ్చారు. కోటు లోపలి జేబులోంచి మడతపెట్టిన కాగితం ముక్క తీశారు. పాత క్యాలెండర్ అంచు, చింపింది. దాని మీద పెన్సిల్‌తో రెండు అంకెలు, అరవై ఏడు, అరవై నాలుగు. కింద చిన్న లెక్క. దాని కింద రెండు గీతలు కొట్టి, ఒకటి పాయింట్ మూడు అని ఉంది.

"రిటైరయ్యే రోజు బల్ల ఖాళీ చేస్తుంటే కనబడింది" అన్నారు. "చట్టపరంగా ఇది చెల్లదు ఫ్రావ్ రావ్."

"తెలుసు హెర్ బ్రెన్నర్" అన్నాను. ఆయన కేకు ప్లేటు వైపు తిరిగిపోయారు, నేను కిటికీ వైపు.

ఇంటికి వచ్చి మా ఆయనకు చూపించాను. రెండుసార్లు చదివి, "అయితే ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తవా ఏంది?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ కాగితం ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది. హెర్ బ్రెన్నర్ చేతి నుంచి ముద్ర లేకుండా బయటికి వచ్చిన కాగితం నాకు తెలిసి అదొక్కటే.